మీసాల కోసం ఇసుక: కోరి చేపల ట్యాంకు డైరీ

మొదటి రోజు

రాత్రి లైటు ఆర్పేశాక ట్యాంకు ముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. మూడు కోరి చేపల్లో ఒకదానికి మీసాలు లేవు. ఉండాల్సిన చోట నూక గింజంత మొండి మాత్రం మిగిలింది. రెండోదానికి ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. మూడోది బాగానే ఉంది గానీ, చెక్క వెనకనుంచి బయటికి రాదు.

ఇవి బ్రాంజ్ కోరీలు. దక్షిణ అమెరికా చేపలు. బాగా పెరిగితే ఆరేడు సెంటీమీటర్లు ఉంటాయి. మా ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. ప్రేమతో తెచ్చానని చెప్పను. పైన తిరిగే టెట్రా చేపలు వదిలేసిన మేత తిని అడుగు శుభ్రం చేస్తాయని ఎవరో అంటే తెచ్చాను. జీతం లేని పనివాళ్లు దొరికారనుకున్నాను. ఇవి చేపల మలం తినవనీ, పైనుంచి రాలిన మిగులు మీదే బతకలేవనీ, వీటికంటూ అడుగుకి మునిగే మేత వేయాలనీ తర్వాత తెలిసింది.

తప్పు రంగు రాళ్లదని తేల్చేశాను. ట్యాంకు అడుగంతా బఠాణీ గింజంత గరుకు రాళ్లు. ఈ చేప రోజంతా మూతితో నేల తవ్వుతుంది. దానికి మీసమే వేలు, మీసమే నాలుక. గరుకు నేల మీద అరిగిపోక ఏమవుతుంది?

కాబట్టి ప్రాజెక్టు ఇది: వీటికి మాత్రమే వేరే ట్యాంకు, అడుగున మెత్తటి ఇసుక, మూడు చేపల బదులు ఆరు. ఖాళీగా పడి ఉన్న గాజు ట్యాంకు ఒకటుంది. 60 సెంటీమీటర్ల పొడుగు, 30 వెడల్పు, 35 ఎత్తు. అడుగున ఉండే చేపలకి ఎత్తు కంటే నేల వైశాల్యం ముఖ్యం. ఆ లెక్కన ఆరింటికి ఇది కనీసం అనుకోవచ్చు.

3వ రోజు

ఇసుక కడిగాను. ఈ ఒక్క పనికే ఆదివారం పోయింది.

ముందు పరీక్షలు. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య గట్టిగా రుద్దాను. గుచ్చుకుంటే పనికిరాదు. రెండోది, చెంచాడు ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్. బుస్సున నురగ వస్తే అందులో గుల్లల ముక్కలో సున్నపురాయో ఉన్నట్టు, నీటిని మెల్లగా గట్టినీరుగా మార్చేస్తుంది. నాది నురగ రాలేదు.

తర్వాత బకెట్లో మూడోవంతు ఇసుక, మిగతా నీళ్లు, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టడం, బురద నీళ్లు వంచేయడం. మొదటి నాలుగుసార్లూ టీ రంగు నీళ్లే వచ్చాయి. ఎనిమిదోసారికి కొంచెం తేట. పదకొండోసారి బకెట్ అడుగు కనబడింది. ఇలా మూడు బకెట్లు. మా అమ్మాయి వచ్చి "అమ్మా, ఇసుకని కూడా స్నానం చేయిస్తారా?" అంది. నడుము పట్టేసి ఉన్నాను, సమాధానం చెప్పలేదు.

ఇసుక 3 సెంటీమీటర్ల మందమే పరిచాను. చూడ్డానికి ఇంకా ఎక్కువుంటే బాగుంటుంది, కానీ లోతు పెరిగేకొద్దీ అడుగు పొరకి గాలి అందక కుళ్లు పడుతుంది.

4వ రోజు

ఇసుక మీద పళ్లెం పెట్టి, దాని మీద నీళ్లు పోస్తే గుంట పడలేదు. పొద్దున మసకగా ఉన్న నీళ్లు సాయంత్రానికి తేటపడ్డాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే మందు ముందే కలిపాను.

నీటి మట్టం అంచుకి 4 సెంటీమీటర్ల కిందే ఆపాను. పైన మూత. ఇది అందం కోసం కాదు. కోరీలు అప్పుడప్పుడూ బాణంలా పైకి దూసుకొచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోతాయి. పేగు వెనక భాగంలో సన్నటి రక్తనాళాలుంటాయి, మింగిన గాలిలోని ఆక్సిజన్‌ని అక్కడ పీల్చుకుంటాయి. మన మార్పు చేప కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది గానీ దానికి మొప్పల పైన వేరే ఏర్పాటుంది. కోరీ మాత్రం పేగుతోనే కానిచ్చేస్తుంది. ఆ దూకుడుకి మూత తగలకుండా, మూత లేకపోతే నేల మీద పడకుండా, ఈ రెండు జాగ్రత్తలూ కావాలి.

ఇసుక, ఖాళీ పోగా 50 లీటర్ల నీళ్లు. ఒక స్పాంజి ఫిల్టరు, ఒక హీటరు, పాత ట్యాంకు నుంచి తెచ్చిన చెక్క. దానికి దారంతో అనూబియాస్ మొక్క కట్టాను. దాని దుంపకాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. పైగా వీటి తవ్వుడుకి వేళ్లతో నాటిన మొక్క ఏదీ రెండు రోజులు నిలబడదని నా అనుమానం.

5 నుంచి 17వ రోజు దాకా

చేపలు లేని ట్యాంకు ముందు పదమూడు రోజులు కూర్చున్నాను. టెస్ట్ కిట్ సీసాలు ఊపడం తప్ప పనిలేదు.

జరిగేది ఇంతే. చేపల మలం, మిగిలిన మేత అమోనియా అవుతాయి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలే, మూడోది కొంచెం ఉన్నా ఫరవాలేదు. ఈ బ్యాక్టీరియా స్పాంజిలో కాపురం పెట్టేదాకా చేపల్ని దింపకూడదు. ఏమీ లేని కొత్త ట్యాంకులో దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. నేను పాత ట్యాంకు జంట స్పాంజిలో ఒకదాన్ని తెచ్చి పెట్టాను, పెరుగుకి తోడు వేసినట్టు. దానివల్ల పని త్వరగా అయింది.

5వ రోజు సబ్బు, సెంటు కలవని అమోనియా చుక్కలు వేసి పది లక్షల పాళ్లకి రెండు, అంటే 2 పీపీఎమ్‌కి తెచ్చాను. 7న 1కి దిగింది. 8న నైట్రైట్ పరీక్ష గొట్టం ముదురు ఊదా రంగుకి తిరిగింది, కార్డు మీద అంతకు మించిన రంగు లేదు. 13న అమోనియా ఒక్క రోజులో సున్నా, నైట్రైట్ మాత్రం మొండికేసింది. 17న రెండూ సున్నా, నైట్రేట్ 30 దాటింది. ముప్పావు వంతు నీళ్లు మార్చేశాను.

18వ రోజు

మూడింటినీ మార్చాను. వలతో కాదు, గ్లాసుతో.

మొదటిసారి వీటిని ఇంటికి తెచ్చినప్పుడు వలలో ఒకటి చిక్కుకుని పావుగంట నరకం చూపించింది. రొమ్ము రెక్కలకీ వీపు రెక్కకీ ముందువైపు గట్టి ముల్లుంటుంది. బెదిరితే ఆ ముళ్లు విప్పి బిగించేస్తుంది, మళ్లీ అది సడలించేదాకా ఎవరూ మడవలేరు. వల దారాల్లో గుచ్చుకుంటే లాగకూడదు, వలని కత్తిరించడమే. మన వేలికి గుచ్చుకున్నా మంట బాగానే ఉంటుంది. ఇప్పుడు పెద్ద గాజు గ్లాసు పడుకోబెట్టి, రెండో చేత్తో మెల్లగా తోలితే మూడూ వాటంతట అవే లోపలికెళ్లాయి.

పాత నీళ్లూ కొత్త నీళ్లూ ఒకే కుళాయివి. అయినా అరగంట పాటు గ్లాసెడు గ్లాసెడు కలిపి అలవాటు చేసి వదిలాను.

21వ రోజు

ఈ మూడు రోజులూ టీవీ చూడలేదు.

ఇసుకలో మూతి పెట్టి కళ్ల దాకా దిగిపోతుంది. ఒక నోరెడు ఇసుక తీసుకుంటుంది, రెండు క్షణాలు నములుతున్నట్టు చేస్తుంది, తర్వాత మొప్పల కిందనుంచి ఆ ఇసుక రెండు వైపులా సన్నటి ధారగా జారిపోతుంది. తినేదేదో లోపల ఉండిపోతుంది. జల్లెడ పట్టినట్టే. ఎనిమిది నెలలు రాళ్ల మీద పెట్టి నేను వీటికి దూరం చేసింది మీసాలొక్కటే కాదన్నమాట.

ఇంకోటి, కన్ను కొడతాయి. నిజంగానే. రెప్ప లేదు గానీ కనుగుడ్డు ఒక్క క్షణం కిందికి తిప్పి మళ్లీ పైకి తెస్తుంది. మా అమ్మాయికి మొదట కనబడింది, నేను నమ్మలేదు. తర్వాత నాకూ కొట్టింది.

24వ రోజు

ఇంకో మూడు తెచ్చాను. నేరుగా కలపలేదు. 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో, నడుస్తున్న ఫిల్టరు స్పాంజి ముక్క పెట్టి మూడు వారాలు వేరుగా ఉంచుతున్నాను. దుకాణంలో ఎన్ని ట్యాంకులకి ఒకే వల వాడతారో నా కళ్లతో చూశాను.

కొనేటప్పుడు చూసుకున్నవి: పొట్ట లోపలికి పోయి ఉండకూడదు, మీసాలుండాలి, కడుపు వైపు ఎర్ర మచ్చలుండకూడదు. ఎంచుకున్న వాటికి పొట్ట కొంచెం పల్చగానే ఉంది. తిండి పెడితే పూడుకుంటుందిలే అనుకున్నాను. ఈ ధైర్యమే తర్వాత కొంప ముంచింది.

46వ రోజు

ఆరూ కలిశాయి. చెక్క వెనక దాక్కునే పాత మూడోది, పేరు పెట్టకపోయినా మేం దాన్ని 'కోడలు' అంటున్నాం, గంటలోపే బయటికొచ్చి కొత్తవాటి పక్కన పడుకుంది. ఈ చేపకి తోడు ఎంత అవసరమో పుస్తకంలో చదివితే ఒక వాక్యం. కళ్ల ముందు చూస్తే వేరు. ముగ్గురున్నప్పుడు మూడు మూలలు. ఆరుగురయ్యాక ఒకే చోట, ఒకే వైపు మూతులు పెట్టి వరుసగా పడుకుంటున్నాయి. ఒకటి కదిలితే మిగతావి మూతితో తోసుకుంటూ వెంట పడతాయి.

పేరు సంగతి కొంచెం. కోరి అనేది కోరిడోరాస్‌కి పొట్టి పేరు. ఆ పేరు 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపెడ్ పెట్టాడు. గ్రీకులో శిరస్త్రాణం, చర్మం అనే మాటల కలయిక. ఒంటి మీద పొలుసుల బదులు రెండు వరుసల ఎముక పలకలుంటాయి, కవచం తొడుక్కున్నట్టు. రెండు శతాబ్దాలు అలా నడిచాక 2024లో ఈ పేరు కింద ఉన్న చేపల్ని విడగొట్టి వేర్వేరు పేర్లిచ్చారు. నా బ్రాంజ్ కోరి ఇప్పుడు ఓస్టియోగాస్టర్ అయింది. డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరించిన నమూనాల్లోంచి 1842లో ప్రకృతి శాస్త్రవేత్త జెనిన్స్ వర్ణించిన మచ్చల కోరి హోప్లిసోమా అయింది. వేరుపడ్డ అన్నదమ్ముల్లా ఎవరి ఇంటిపేరు వాళ్లకి. నేను మాత్రం కోరి అనే అంటాను.

74వ రోజు

మీసాలు మళ్లీ అరిగాయి.

పాత మొండిది అలాగే ఉంది. కొత్తగా తెచ్చిన వాటిలో రెండింటికి, వచ్చినప్పుడు నిండుగా ఉన్న మీసాలు, సగానికి సగం. అడుగున మెత్తటి ఇసుక. రాయన్నది లేదు. టార్చి ఆర్పేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. టెన్షన్ కంటే అవమానం ఎక్కువ.

76వ రోజు

నీళ్లు పరీక్షించాను. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 40 పైన. అయినా నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. మరి ఎక్కడ?

చెక్క ఎత్తాను. దాని కింద ఇసుక బూడిద రంగు, మధ్యలో నల్లగా. వేలితో కదిపితే బుడగలు వచ్చి కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. ఆ పక్కనే తడిసి ఉబ్బి బూజు పట్టిన మేత గుళికలు, ఇరవై దాకా లెక్క తేలాయి.

ఇప్పుడు అర్థమైంది. కొత్తవాటి పొట్టలు పూడాలని రోజుకి రెండుసార్లు, చేతికొచ్చినన్ని గుళికలు వేస్తున్నాను. అవి కోరీలు తినేవి తినగా మిగిలినవి చెక్క కింద చేరుతున్నాయి. అక్కడే కోరీలు పగలంతా పడుకుంటాయి, అక్కడే మూతి పెట్టి తవ్వుతాయి. బ్యాక్టీరియా నిండిన మురికిలో రోజంతా మీసం పెడితే ఆ మీసం పుండై కరిగిపోతోంది. మొదటి ట్యాంకులో కూడా రాళ్ల సందుల్లో ఎనిమిది నెలల మురికి ఉంది. నేను రాళ్లనే చూశాను, సందుల్ని చూడలేదు. గరుకు రాళ్లు కూడా కారణం కావచ్చు, కాదనను. కానీ అసలు దోషి నా చెయ్యి.

నీళ్ల పరీక్ష నీటి గురించే చెబుతుంది, నేల గురించి చెప్పదు. ఈ చేప బతికేది నేల మీద.

ఆ రోజే చెక్కని ఒక మూలకి, కాళ్ల మీద నిలబడ్డట్టు రెండు రాళ్లెత్తున పెట్టాను. కింద నీళ్లు ఆడాలి. నల్ల ఇసుక గొట్టంతో తోడేసి కడిగిన ఇసుక వేశాను. ఆ పని చేస్తున్నంతసేపూ చేపల్ని బకెట్లో ఉంచాను, ఆ కుళ్లు వాయువు చేపలకి మంచిది కాదు.

కొత్త పద్ధతి:

మేత రోజుకి ఒక్కసారే, లైటు ఆర్పాక. మునిగే గుళికలు చేపకి రెండు చొప్పున, ఒక చిన్న గాజు మూతలో వేసి ఇసుక మీద పెడతాను. పొద్దున్నే ఆ మూత తీసేస్తాను, మిగిలింది దాంతోపాటే వచ్చేస్తుంది. వారంలో రెండు రోజులు గుళికల బదులు ఫ్రీజ్ చేసిన రక్తపురుగులు (నీళ్లలో పెరిగే ఎర్రటి చిన్న పురుగులు), ఒక రోజు ఉపవాసం.

నాలుగు రోజులకోసారి పది లీటర్ల నీళ్ల మార్పు. గొట్టం ఇసుకలో గుచ్చకుండా వేలెడు ఎత్తున తిప్పితే మురికి మాత్రమే లేచి గొట్టంలోకి పోతుంది, ఇసుక మిగులుతుంది. మొదటిరోజు పావు ఇసుక బకెట్లోకి పోయింది, రెండోసారికి చెయ్యి కుదిరింది.

మందు వేయలేదు. వేయాలని చెయ్యి లాగింది. కానీ రాగి కలిసిన మందులు ఈ చేపలకి పడవు, ఉప్పు కూడా ఎక్కువైతే తట్టుకోలేవు. కారణం తెలిశాక మందు దేనికి?

104వ రోజు

మొనలు తెల్లగా, దారం పోగులా సాగుతున్నాయి. కొత్త రెండింటికీ వస్తోంది. పాత మొండిదానికి ఒకవైపు కొంచెం వచ్చింది, ఇంకోవైపు రాలేదు. మొదలుకంటా పోతే రావడం కష్టం. అది మాత్రం లోటేమీ తెలియనట్టు మేత మూత దగ్గరికి అందరికంటే ముందు వస్తుంది.

109వ రోజు

మధ్యాహ్నం కరెంటు పోయింది, ఐదు గంటలు. నేను ఇంట్లో లేను. వచ్చేసరికి ఒకదాని తర్వాత ఒకటి పైకి దూకుతున్నాయి. మామూలుగా పావుగంటకి ఒకటో రెండో చూస్తాను. ఇప్పుడు నిమిషానికి నాలుగైదు. పంపు ఆగితే నీళ్లు కదలవు, ఎండకి నీళ్లు 29 డిగ్రీలయ్యాయి. వేడెక్కేకొద్దీ నీళ్లలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. చెంబుతో నీళ్లు తీసి ఎత్తునుంచి ధారగా పోస్తూ అరగంట నిలబడ్డాను. కరెంటొచ్చిన గంటకి దూకుళ్లు తగ్గాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్నాను. పైనుంచి గాలి మింగగలవు కదా అని వీటిని తేలిగ్గా తీసుకోకూడదు. అది ప్రాణం నిలబెట్టుకోవడానికి, హాయిగా బతకడానికి కాదు.

131వ రోజు

పైనుంచి చూస్తే ఆరింటిలో రెండు బాగా వెడల్పుగా ఉన్నాయి, అవి ఆడవి. 'కోడలు' అందులో ఒకటి, పేరు కుదిరింది. వారం నుంచి పొట్టలు ఉబ్బి ఉన్నాయి. నిన్న సాయంత్రం కావాలనే చల్లటి నీళ్లతో మార్పు చేశాను. 20 లీటర్లు తీసి 20 డిగ్రీల నీళ్లు పోస్తే ట్యాంకు 25 నుంచి 23కి దిగింది. వానలొచ్చి ఏరు చల్లబడిందని వీటికి అనిపించాలి.

పొద్దున ఆరింటికి చూస్తే మగవి మూడు ఆడదాని వెంట గాజు పొడవునా పరుగులు. తర్వాత ఒక మగది అడ్డంగా నిలబడింది, ఆడది దాని పొట్ట దగ్గర మూతి పెట్టింది. అచ్చం ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉంది. అక్కడ జరిగేది వింత. ఆడచేప మగదాని వీర్యాన్ని మింగుతుంది. అది పేగు గుండా వేగంగా బయటికొచ్చి, పొట్ట కింద రెక్కల దొన్నెలో పట్టుకున్న గుడ్లని చేరుతుంది. 1995లో జపాన్ పరిశోధకులు ఈ బ్రాంజ్ కోరి మీదే దీన్ని తేల్చారు. తర్వాత ఆడది మూతితో గాజు తుడిచి గుడ్లు అంటించింది. ఒకసారికి నాలుగైదు. పదింటికి 64 లెక్కపెట్టాం, ఎక్కువ ఫిల్టరు బుడగలు తగిలే వైపు గాజు మీద, కొన్ని అనూబియాస్ ఆకు కింద.

మధ్యాహ్నానికి తల్లిదండ్రులే గుడ్లు తినడం మొదలుపెట్టాయి. గుడ్డు గట్టిగా, జిగురుగా ఉంటుంది, వేలి కొసతో దొర్లిస్తే ఊడొస్తుంది. 40 దాకా తీసి వేరే డబ్బాలో వేసి, సన్నటి గాలి గొట్టం పెట్టి, బూజుని ఆపే మిథిలీన్ బ్లూ మందు లేత నీలం వచ్చేంత కలిపాను.

135వ రోజు

తెల్లగా మారి బూజు పట్టినవి రోజూ ఏరి పారేశాను, మొత్తం 21. ఒకదాని బూజు పక్కదానికి పాకుతుంది. మిగతా 19లో ఈ పొద్దున 15 పిల్లలు. గాజు రంగు తోక, కింద పచ్చసొన సంచి. రెండు రోజులు ఆ సంచే తిండి, ఏమీ వేయను.

139వ రోజు

ఆర్టీమియా అనే చిన్న రొయ్యలాంటి జీవి గుడ్లు ఉప్పునీళ్లలో పొదిగి, పుట్టిన పిల్లల్ని కడిగి రోజుకి మూడుసార్లు చుక్క చుక్క వేస్తున్నాను. నారింజ రంగు పొట్టలు కనిపిస్తే తిన్నట్టు. వేసిన గంటకి గాలి గొట్టంతో డబ్బా అడుగు తుడిచేస్తున్నాను. 76వ రోజు మర్చిపోలేదు. భూతద్దంలో చూస్తే పిల్లలకి అప్పుడే మీసాలు.

సాయంత్రం మా అమ్మాయి లెక్కపెట్టి, "అమ్మా, పద్నాలుగే ఉన్నాయి" అంది. నేనూ లెక్కపెట్టాను, పద్నాలుగే. తుడిచిన నీళ్లు ఇంకా బకెట్లోనే ఉన్నాయి. టార్చి వేసి పావుగంట వెతికితే అడుగున ఒక వెంట్రుక కదిలింది. చెంచాతో తీసి డబ్బాలో వదిలాను. రేపటినుంచి ఆ నీళ్లు ముందు తెల్ల గిన్నెలోకి.